ఒక హోస్ట్‌కు సరిపడా చోటు ఖాళీగా ఉంచండి: సంస్థల యాజమాన్యాలకు బహిరంగ లేఖ

సొంత సర్వర్లు నడుపుకుంటున్న సంస్థల యాజమాన్యాలకు, వాటికి బడ్జెట్ మంజూరు చేసేవారికి, మార్పుల ఆమోద కమిటీల సభ్యులకు,

నమస్కారం.

మీ సర్వర్ గదిలోని వర్చువలైజేషన్ హోస్ట్‌లకు చివరిసారి ప్యాచ్ (లోపాలను సరిచేసే అప్‌డేట్) ఎప్పుడు వేశారని మీ సిబ్బందిని అడిగి చూడండి. చాలా సంస్థల్లో వినిపించే జవాబు ఒక్కటే: "అడిగామండీ, అనుమతి రాలేదు." అనుమతి ఇవ్వవలసినవారు మీరు కాబట్టి ఈ లేఖ మీకే రాస్తున్నాను. వర్చువల్ మెషీన్ల లోపలి విండోస్‌కు, లినక్స్‌కు నెలనెలా అప్‌డేట్లు వెళ్తున్నాయి. లాప్‌టాప్‌లకు వెళ్తున్నాయి. ఉద్యోగుల ఫోన్లకు కూడా వెళ్తున్నాయి. వీటన్నిటి వెనుక పనిచేసే సర్వర్లను మోస్తున్న హోస్ట్ మాత్రం ఇన్‌స్టాల్ చేసిన రోజున ఎలా ఉందో ఇప్పటికీ అలాగే ఉంటోంది. నేను చూసిన సంస్థల్లో ఇది అరుదైన విషయం కాదు, మామూలు విషయం.

సాంకేతిక నేపథ్యం లేనివారి కోసం ఒక మాట. ఒక పెద్ద సర్వరు మీద ఈఎస్ఎక్స్ఐ, హైపర్-వి, కేవీఎం లాంటి హైపర్‌వైజర్‌ను పెట్టి, దానిమీద ఇరవై, ముప్పై, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ వర్చువల్ మెషీన్లు (సాఫ్ట్‌వేర్‌తో తయారైన సర్వర్లు) నడుపుతారు. ఆ పెద్ద సర్వరే హోస్ట్. జీతాల లెక్కలు, రోగుల రికార్డులు, ఈమెయిల్, డేటాబేస్, లాగిన్‌లు చూసే డొమైన్ కంట్రోలర్ అన్నీ ఒకే యంత్రంలో ఉంటాయి. లోపలి మెషీన్లలో ఒకదాన్ని దొంగిలించినవాడికి ఒకటే దొరుకుతుంది. హోస్ట్‌ను చేజిక్కించుకున్నవాడికి అన్నీ దొరుకుతాయి, ఏ ఒక్కదాని పాస్‌వర్డూ తెలియకుండానే. లోపలి మెషీన్లలో మీరు డబ్బు పోసి పెట్టిన యాంటీవైరస్ వీటిని కాపాడలేదు, ఎందుకంటే దాడి జరిగేది దాని కింది అంతస్తులో. అక్కడి నుంచి మెషీన్‌ను ఆపేసి డిస్క్ ఫైలును ఎన్‌క్రిప్ట్ చేస్తే, లోపలి యాంటీవైరస్ కూడా ఆ ఫైలుతోపాటే బందీ అవుతుంది.

2023 ఫిబ్రవరిలో సరిగ్గా ఇదే జరిగింది. ఈఎస్ఎక్స్ఐఆర్గ్స్ అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లను ఎన్‌క్రిప్ట్ చేసి డబ్బు అడిగే మాల్వేర్) ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్న ఈఎస్ఎక్స్ఐ హోస్ట్‌ల మీద పడుతోందని ఫిబ్రవరి 3న ఫ్రాన్స్ ప్రభుత్వ సైబర్ భద్రతా విభాగం హెచ్చరించింది. దాడికి వాడుతున్నట్టుగా అది పేర్కొన్న లోపం సీవీఈ-2021-21974 (సీవీఈ అంటే బయటపడిన భద్రతా లోపాలకు ఇచ్చే గుర్తింపు నంబరు). ఓపెన్‌ఎస్ఎల్‌పీ అనే చిన్న సర్వీసులో, 427వ పోర్టు మీద ఉన్న లోపం అది. ఆ లోపానికి ఈఎస్ఎక్స్ఐ తయారీ కంపెనీ వీఎంవేర్ ప్యాచ్ విడుదల చేసింది 2021 ఫిబ్రవరి 23న. అంటే ఇరవై రోజులు తక్కువగా రెండేళ్లు! ప్యాచ్ వేయడానికి వీల్లేకపోతే ఆ సర్వీసును ఆపేయండి చాలు అని కూడా కంపెనీ చెప్పింది. దానికి రీబూట్ కూడా అక్కరలేదు. అయినా కొద్ది రోజుల్లోనే ప్రపంచవ్యాప్తంగా 3,800కు పైగా సర్వర్లు దీని బారిన పడ్డాయని అమెరికా సైబర్ భద్రతా సంస్థ సీఐఎస్ఏ, ఎఫ్‌బీఐ ప్రకటించాయి. ఉదయం వచ్చి హోస్ట్ లాగిన్ పేజీ తెరిచిన అడ్మిన్లకు ఆ పేజీ స్థానంలో బిట్‌కాయిన్లు అడుగుతున్న నోటీసు కనిపించింది. ఈ రాన్సమ్‌వేర్ మొదటి రకంలో పెద్ద డిస్క్ ఫైళ్లు కొన్నిచోట్ల చెక్కుచెదరకుండా మిగలడంతో, వాటి ఆధారంగా మెషీన్లను తిరిగి కట్టుకోవడానికి సీఐఎస్ఏ ఒక స్క్రిప్టు కూడా ఇచ్చింది. కొద్ది రోజుల్లోనే దాడి చేసేవాళ్లు పద్ధతి మార్చి ఆ దారినీ మూసేశారు.

ఆ రెండేళ్లలో ఆ అడ్మిన్లు ఏం చేస్తున్నారని మీరు అడగవచ్చు. కొందరు నిర్లక్ష్యం చేసి ఉంటారు, కాదనను. కానీ ఈ రంగంలో పనిచేసేవారిని ఎవరిని కదిపినా చెప్పే కథ వేరు. వాళ్లు అనుమతి అడిగారు. త్రైమాసికం ముగింపు అన్నారు. తరువాత ఆడిట్ అన్నారు. తరువాత పండుగ రద్దీ అన్నారు. చివరికి, "బాగానే నడుస్తున్నదాన్ని ఎందుకు కదిలించడం?" అన్నారు. తిలా పాపం తలా పిడికెడు అన్నట్టు ఒక్కొక్కరూ ఒక్కో నెల వాయిదా వేశారు కాబట్టి, రెండేళ్ల ఆలస్యానికి బాధ్యులు ఎవరో చివరకు తేలదు. సంతకం ఎవరిదీ ఉండదు. దాడి జరిగిన రాత్రి మెలకువగా ఉండవలసింది మాత్రం అడ్మినే.

ఈ వాయిదాలకు అసలు కారణం భయం కాదని నా నమ్మకం. చోటు లేకపోవడం.

హోస్ట్‌కు ప్యాచ్ వేయాలంటే దాదాపు ఎప్పుడూ దాన్ని రీబూట్ చేయాలి. దాని మీద నడుస్తున్న మెషీన్లను ముందు పక్క హోస్ట్‌లకు తరలించాలి. వీఎంవేర్‌లో వీమోషన్ అన్నా, హైపర్-విలో లైవ్ మైగ్రేషన్ అన్నా పని ఒకటే: నడుస్తున్న మెషీన్‌ను, వాడుతున్నవారికి తెలియకుండా, ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి మార్చడం. ఈ సౌకర్యం వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. క్లస్టర్‌లోని (కలిసి పనిచేసే హోస్ట్‌ల గుంపులోని) హోస్ట్‌లను వరసగా ఒక్కొక్కటి ఖాళీ చేసి, ప్యాచ్ వేసి, రీబూట్ చేసి, తిరిగి చేర్చుకునే పనిని హైపర్-వి క్లస్టర్లు విండోస్ సర్వర్ 2012 నుంచి తమంతట తామే చేయగలవు. ఇంత సదుపాయం ఉండగా మీ అడ్మిన్ ఆదివారం అర్ధరాత్రి నాలుగు గంటల డౌన్‌టైమ్ ఎందుకు అడుగుతున్నారు? తరలించడానికి పక్క హోస్ట్‌లలో మెమరీ లేదు కాబట్టి.

లెక్క చాలా తేలిక. ఒకే సామర్థ్యమున్న హోస్ట్‌లు నాలుగు ఉంటే, ఒకటి ఖాళీ అయినా మిగిలిన మూడూ మోయాలంటే మొత్తం మెమరీలో 75 శాతానికి మించి వాడకూడదు. మూడే ఉంటే 66 శాతం. రెండే ఉంటే 50 శాతం. ప్రాసెసర్ విషయంలో కొంత సర్దుబాటు కుదురుతుంది; మెమరీ విషయంలో కుదరదు. కొన్న కొత్తలో ఈ హద్దు ఉంటుంది. తరువాత ఒక ప్రాజెక్టుకు ఆరు మెషీన్లు కావాలంటారు, మరో విభాగానికి నాలుగు. కొత్త హోస్ట్‌కు బడ్జెట్ అడిగితే "ఉన్నదాంట్లో సర్దండి" అంటారు. హద్దు దాటబోతుంటే హోస్ట్‌లన్నిటినీ నడిపే వీసెంటర్ ఎర్ర అక్షరాల్లో హెచ్చరిస్తుంది, కొత్త మెషీన్‌ను పవర్ ఆన్ చేయనివ్వదు. అప్పుడు, పై నుంచి వస్తున్న ఒత్తిడి తట్టుకోలేక, ఆ హెచ్చరికను ఇచ్చే అడ్మిషన్ కంట్రోల్‌నే ఎవరో ఆపేస్తారు. మెషీన్ ఆన్ అవుతుంది. అందరూ సంతోషిస్తారు. క్లస్టర్‌కు ప్యాచ్ వేసే అవకాశం ఆ రోజుతో పోతుంది.

పోయింది అదొక్కటే కాదు. ఒక హోస్ట్ చెడిపోతే మిగిలినవి దాని భారం మోస్తాయన్న భరోసా కోసమే మీరు క్లస్టర్ కొన్నారు, అధిక లభ్యత అన్న పేరు మీదే దానికి డబ్బు చెల్లించారు. పగటిపూట, ప్రణాళిక ప్రకారం ఒక హోస్ట్‌ను ఖాళీ చేయలేని క్లస్టర్, రాత్రిపూట ఒక మదర్‌బోర్డు కాలిపోతే ఎలా నిలబడుతుంది? చోటు చాలక కొన్ని మెషీన్లు తిరిగి లేవవు, అవి ఏవో ఎవరూ ముందుగా నిర్ణయించి ఉండరు. కాబట్టి నేను అడుగుతున్న ఖాళీ చోటు అదనపు ఖర్చు కాదు. మీరు ఇదివరకే కొని, తరువాత తెలియకుండా వాడేసుకున్న భద్రత అది. దాన్ని తిరిగి సమకూర్చండి.

చోటు ఉన్నంత మాత్రాన పని నల్లేరు మీద నడక అని చెప్పను. మీ ఆఫీసులో ఒక్కసారి అడ్మిన్ పక్కన కూర్చుని చూడండి. హోస్ట్‌ను మెయింటెనెన్స్ మోడ్‌లోకి పంపుతారు. మెషీన్లు ఒక్కొక్కటే పక్కకు జరుగుతుంటాయి. అంతలో ఆ శాతం అంకె ఒకచోట ఆగి కదలదు. వెతికితే, ఎప్పుడో ఒక మెషీన్‌కు సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు తగిలించిన సీడీ ఇమేజ్ ఇంకా తగిలించే ఉంటుంది; ఆ ఇమేజ్ ఫైలు ఆ హోస్ట్ సొంత డిస్క్ మీద ఉంటుంది; అందుకని ఆ మెషీన్ అక్కడి నుంచి జరగనంటుంది. మరోచోట లైసెన్సు కోసం యూఎస్‌బీ డాంగిల్‌ను నేరుగా మెషీన్‌కు కలిపి ఉంటారు. ఇంకోచోట మూడు మెషీన్లు ఎప్పుడూ వేర్వేరు హోస్ట్‌ల మీదే ఉండాలని నియమం పెట్టి ఉంటారు, ఉన్న హోస్ట్‌లే మూడు. వీటిలో ఏదీ పెద్ద సమస్య కాదు. కానీ ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోని క్లస్టర్‌లో ఇవన్నీ ఒకే రాత్రి, ఇచ్చిన రెండు గంటల్లోనే బయటపడతాయి. నెలనెలా చేసేచోట నెలకు ఒకటి బయటపడుతుంది, సరిచేసుకుంటారు, మర్నాటి నుంచి అది ఉండదు.

రీబూట్ విషయంలో ఇంకొక సంగతి మీకు తెలియాలి. కొన్ని వందల రోజులుగా ఆగకుండా నడుస్తోందని గర్వంగా చూపించే హోస్ట్‌ను చూస్తే నాకు ఆందోళన కలుగుతుంది. ఈఎస్ఎక్స్ఐ బూట్ అయ్యాక చాలా భాగం మెమరీ నుంచే నడుస్తుంది. చాలా సంస్థలు దాన్ని చిన్న ఎస్‌డీ కార్డు మీదో యూఎస్‌బీ స్టిక్ మీదో పెట్టాయి. ఆ కార్డు మధ్యలో ఎప్పుడో చచ్చిపోయినా హోస్ట్ నడుస్తూనే ఉంటుంది, మెషీన్లకు ఏ లోటూ కనిపించదు. హెచ్చరిక వచ్చినా లాగ్‌లో ఒక మూల పడి ఉంటుంది. అది ఇక లేవదన్న విషయం తెలిసేది కరెంటు పోయి వచ్చిన రోజున, అన్ని హోస్ట్‌లూ ఒకేసారి లేవవలసిన రోజున. వీఎంవేర్ కూడా 7.0 వెర్షన్ కాలంలోనే ఎస్‌డీ కార్డుల నుంచి బూట్ చేసే పద్ధతిని మానుకోమని చెప్పింది. నెలకోసారి వంతులవారీగా రీబూట్ అయ్యే హోస్ట్ తన జబ్బును పగలు, మిగతా హోస్ట్‌లు క్షేమంగా ఉన్నప్పుడు బయటపెడుతుంది.

ఇక మీ అభ్యంతరాలకు వస్తాను. అవి తీసిపారేయదగ్గవి కావు.

"ప్యాచ్‌లే కొంప ముంచుతాయి కదా" అంటారు. ముంచిన సందర్భాలు ఉన్నాయి. 2021 నవంబరులో వీఎంవేర్ తన 7.0 అప్‌డేట్ 3ని తీవ్రమైన లోపాల వల్ల వెనక్కి తీసుకుంది, సరిచేసిన రూపం 2022 జనవరిలో వచ్చింది. అదే 2022 జనవరిలో మైక్రోసాఫ్ట్ నెలవారీ ప్యాచ్ వేసుకున్న కొన్ని విండోస్ సర్వర్లలో హైపర్-వి మెషీన్లు లేవలేదు, డొమైన్ కంట్రోలర్లు పదేపదే రీబూట్ అయ్యాయి. వారం తిరగకుండా అత్యవసర సవరణ ఇవ్వవలసి వచ్చింది. ఈ రెండిటినీ మీ ముందుకు నేనే తెస్తున్నాను, ఎందుకంటే వీటిని ఉదాహరణగా చూపి ఏళ్ల తరబడి ప్యాచ్‌లు ఆపుతున్నారు. ఈ ఘటనలు చెప్పేది ఒక హోస్ట్ మీద ముందు వేసి, అంతగా ముఖ్యం కాని మెషీన్లను దానిమీద కొద్ది రోజులు నడిపి చూడమని. తొందర లేని ప్యాచ్‌కు రెండు మూడు వారాలు ఆగండి, తప్పు లేదు. ఆ వారాల్లో చెడ్డ ప్యాచ్ సంగతి లోకమంతా తెలిసిపోతుంది. దాడుల్లో ఇప్పటికే వాడుతున్న లోపానికి మాత్రం ఆ వెసులుబాటు ఉండదు. ఈ రెండు రకాలకూ వేర్వేరు గడువులు రాసి ఉంచుకుంటే, ప్రతిసారీ కొత్తగా వాదించుకునే పని తప్పుతుంది. ఒక్క హోస్ట్‌ను పరీక్షకు విడిగా ఉంచాలన్నా మళ్లీ కావలసింది ఆ ఖాళీ చోటే.

"మా హోస్ట్‌లు ఇంటర్నెట్‌కు తెరిచి లేవు" అంటారు. మంచిదే, ఉండకూడదు కూడా. కానీ దాడి చేసేవాడు ముందుగా ఒక ఉద్యోగి లాప్‌టాప్ ద్వారా లోపలికి వచ్చి, అక్కడి నుంచి హోస్ట్‌ల కోసం వెతుకుతాడు. 2024 జులైలో మైక్రోసాఫ్ట్ బయటపెట్టిన సీవీఈ-2024-37085ను చూడండి. యాక్టివ్ డైరెక్టరీకి (సంస్థలోని యూజర్ల ఖాతాలు, హక్కులు ఉండే వ్యవస్థకు) కలిపిన ఈఎస్ఎక్స్ఐ హోస్ట్, "ఈఎస్ఎక్స్ అడ్మిన్స్" అన్న పేరుతో డైరెక్టరీలో ఏదైనా గ్రూపు ఉంటే చాలు, అందులోని సభ్యులందరికీ పూర్తి అధికారం ఇచ్చేసేది. ఆ గ్రూపును ఎవరు, ఎప్పుడు సృష్టించారన్నది చూసేది కాదు. డైరెక్టరీలో తగిన హక్కులు సంపాదించినవాడు ఆ పేరుతో ఒక గ్రూపు పెట్టి, అందులో తన పేరు చేర్చుకుంటే హోస్ట్‌లన్నీ అతని చేతిలోకి వచ్చేవి. రాన్సమ్‌వేర్ ముఠాలు దీన్ని వాడాయి. 8.0 అప్‌డేట్ 3తో దీనికి సవరణ వచ్చింది. 7.0కు ప్యాచ్ ఇవ్వలేదు. సెట్టింగులు చేత్తో మార్చుకోవలసి వచ్చింది. వెర్షన్‌లో వెనుకబడి ఉండటం వల్ల నష్టం ఎలా ఉంటుందో ఇంతకంటే స్పష్టంగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు.

"వర్చువల్ మెషీన్ లోపల ఉన్నవాడు బయటికి రాలేడు కదా" అని కూడా కొందరు నమ్ముతారు. 2015 మేలో వెనమ్ అనే లోపం బయటపడింది. కేవీఎంతో కలిపి వాడే క్యూఈఎంయూ అనే సాఫ్ట్‌వేర్‌లో పాత ఫ్లాపీ డ్రైవ్‌ను అనుకరించే కోడ్‌లో, 2004 నుంచి ఎవరి కంటా పడకుండా ఉన్న లోపం అది. మెషీన్‌కు ఫ్లాపీ డ్రైవ్ తగిలించకపోయినా ఆ కోడ్ అందుబాటులోనే ఉండేది. 2025 మార్చి 4న, వీఎంవేర్‌ను కొన్న బ్రాడ్‌కామ్ మూడు ఈఎస్ఎక్స్ఐ లోపాలకు ఒకేసారి ప్యాచ్‌లు ఇచ్చింది. లోపలి మెషీన్‌లో అడ్మిన్ హక్కులున్నవాడు హోస్ట్‌లోకి దాటడానికి అవి పనికివస్తాయి, ఆపాటికే ఎవరో వాటిని వాడుతున్నారు కూడా. ప్యాచ్ తప్ప వేరే ఉపాయం లేదని ఆ ప్రకటనలోనే ఉంది.

ప్రాసెసర్ లోపాల గురించి విస్తరించను. 2018 జనవరిలో మెల్ట్‌డౌన్, స్పెక్టర్, అదే ఏడాది ఆగస్టులో ఎల్1టీఎఫ్ వచ్చాక తేలింది ఏమిటంటే హైపర్‌వైజర్ ప్యాచ్ ఒక్కటే సరిపోదు. మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి కోడ్) కావాలి, ఒక్కోసారి ఒక సెట్టింగు చేత్తో మార్చాలి, వర్చువల్ మెషీన్లను పూర్తిగా ఆపి మళ్లీ ఆన్ చేయాలి. కాబట్టి సర్వరు బయోస్‌ను, రిమోట్‌గా నియంత్రించే కంట్రోలర్ ఫర్మ్‌వేర్‌ను కూడా ఈ నెలవారీ పనిలోనే చేర్చమంటున్నాను.

సేవకు అంతరాయం రాకూడదన్న మీ పట్టుదలను గౌరవిస్తాను. అయితే 2014 సెప్టెంబరు చివరలో అమెజాన్ ఏం చేసిందో గుర్తు చేసుకోండి. జెన్ హైపర్‌వైజర్‌లో ఒక లోపం అక్టోబరు 1న బహిరంగం కాబోతోందని తెలిసి, ఆ లోపుగానే తాను అద్దెకిచ్చే ఈసీ2 సర్వర్లలో దాదాపు పదో వంతును రీబూట్ చేసింది. కస్టమర్లకు ఇబ్బంది అని దానికి తెలియదా? తెలిసే, రెండు నష్టాలలో ఏది చిన్నదో చూసుకుంది.

మద్దతు ముగిసిన వెర్షన్ల విషయం కూడా మీ బల్ల మీదే ఉంది. ఈఎస్ఎక్స్ఐ 6.5, 6.7లకు సాధారణ మద్దతు 2022 అక్టోబరు 15న ముగిసింది, 7.0కు 2025 అక్టోబరు 2న. విండోస్ సర్వర్ 2012 ఆర్2కు 2023 అక్టోబరు 10న. 2023 నవంబరులో వీఎంవేర్‌ను బ్రాడ్‌కామ్ కొన్నాక శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆగిపోయి, అంతా చందా పద్ధతిలోకి మారింది. ధరల మీద మీ కోపం న్యాయమైనదే. కానీ ఆ కోపంతో చందా కట్టకుండా, వేరే హైపర్‌వైజర్‌కు మారకుండా మధ్యలో నిలబడిపోతే ప్యాచ్‌లు ఆగిపోతాయి. ఏదో ఒకటి తేల్చండి, తేదీతో సహా. మారిపోయినవారు కూడా నిశ్చింతగా ఉండటానికి లేదు. ప్రాక్స్‌మాక్స్ అనే వేదికను ఇన్‌స్టాల్ చేయగానే అది చందాదారుల రిపాజిటరీ (అప్‌డేట్లు దొరికే చోటు) వైపు చూస్తుంది. చందా లేకపోతే అప్‌డేట్ ప్రయత్నం ఎర్రర్‌తో ఆగిపోతుంది. రిపాజిటరీ మార్చాలని ఎవరికీ తట్టకపోతే ఆ హోస్ట్ ఇన్‌స్టాల్ రోజు వెర్షన్‌లోనే ఉండిపోతుంది, పైగా కొత్త వేదికకు మారాం కదా అన్న ధీమా ఒకటి.

నేను కోరేది ఇది. మీ ప్రతి క్లస్టర్‌లో ఒక హోస్ట్‌కు సరిపడా చోటు ఎప్పుడూ ఖాళీగా ఉండాలని రాతపూర్వకంగా నిర్ణయించండి. ఆ హద్దు దాటించే ఏ కొత్త ప్రాజెక్టు అయినా తన హోస్ట్ ఖర్చును తానే తెచ్చుకోవాలనండి. నెలలో ఒక రోజును హోస్ట్‌ల నిర్వహణకు కేటాయించండి, దాన్ని వాడుకోవడానికి ప్రతిసారీ కొత్తగా అనుమతి అడిగే అవసరం లేకుండా చేయండి. వాయిదా వేయాలనుకున్నవారే కారణం రాసి, సంతకం పెట్టి, కొత్త తేదీ ఇవ్వాలి. ఇప్పుడు వ్యవహారం తలకిందులుగా ఉంది: పని చేస్తామన్నవారు పత్రాలు నింపుతున్నారు, వద్దన్నవారు ఒక్క మాటతో సరిపెడుతున్నారు.

మీ సమావేశాల్లో ఒక కాగితం పెట్టమని కూడా అడగండి. ప్రతి హోస్ట్‌కు ఒక వరస: వెర్షన్, బిల్డ్ నంబరు, ఫర్మ్‌వేర్ తేదీ, చివరి రీబూట్ తేదీ, మద్దతు ముగిసే తేదీ. వీసెంటర్‌కు కూడా ఒక వరస ఉండాలి. హోస్ట్‌లన్నిటినీ నడిపేది అదే, మామూలుగా ముందు అప్‌డేట్ చేయవలసిందీ అదే. ఈ కాగితం తయారు చేయడానికి మీ అడ్మిన్‌కు ఒక పూట చాలు. చదవడానికి మీకు ఐదు నిమిషాలు పట్టదు.

చివరగా, ఈ పని చేసే మనుషుల గురించి. ప్రణాళిక ప్రకారం చేసిన రీబూట్‌లో ఒక మెషీన్ పది నిమిషాలు ఆలస్యంగా లేచిందని అడ్మిన్ పనితీరు నివేదికలో మచ్చ పెడితే, మరుసటి నెల అతను ప్యాచ్ వేయడు. ఆ పది నిమిషాలను లెక్కలో నుంచి తీసేయండి. రాత్రి పని చేసినవారికి మర్నాడు సెలవు ఇవ్వండి. ఇద్దరు కలిసి చేసే పనిగా దీన్ని ఉంచండి, ఒక్కరికే వదలకండి. దగ్గరలో ఉన్న నిర్వహణ రోజు ఏదో ఈ వారమే నిర్ణయించి వాళ్లకు చెప్పండి.

ఇట్లు,
సర్వర్ల నిర్వహణలో పనిచేస్తున్న ఒక ఇంజినీరు